కాఫీ బాగాలేదని చెప్పిన తరువాత

విజయవాడలో కాఫీకి ఏనాడూ కరవు లేదు, కరవల్లా కూర్చునే చోటుకే. నేను ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలకు ప్రూఫులు దిద్దుతాను. ఒక ప్రెస్సులో దిద్దిన కాగితాలు ఇచ్చి, మరో చోట కొత్త ఫారం చేతికి వచ్చేలోగా గంటో గంటన్నరో ఖాళీ దొరుకుతుంది. అంతలో ఇంటికి వెళ్ళి రావడం కుదరదు. టిఫిన్ హోటళ్ళలో కాఫీ బాగుంటుంది, అయితే గ్లాసు కింద పెట్టకముందే కుర్చీ వెనక మరొకరు వచ్చి నిలబడతారు. దాన్ని తప్పు పట్టను. ఆ ధరకు ఆ కాఫీ పోయాలంటే బల్లలు అంత వేగంగా ఖాళీ కావాలి. కాగితాలు పరుచుకుని, పెన్సిలు చెక్కుకుని, నెమ్మదిగా చదువుకోవడానికి మాత్రం అది చోటు కాదు.

అందుకే గవర్నరుపేటలో, బీసెంట్ రోడ్డుకు కాస్త లోపలగా, ఒక పాత ఇంటి ముందు గదుల్లో కాఫీ షాపు తెరిచారని తెలియగానే వెళ్ళాను. పెద్ద కంపెనీ శాఖ కాదు. బెంగళూరులో కొన్నేళ్ళు ఇదే పని చేసి సొంత ఊరికి తిరిగి వచ్చిన ఒక యువకుడు తన దగ్గరున్నదంతా పెట్టి మొదలుపెట్టాడు. ఎర్ర గచ్చు నేలను అలాగే ఉంచాడు, కిటికీ చువ్వలకు రంగు వేయించాడు. సూర్యారావుపేట ఆసుపత్రుల్లో రోగి దగ్గర వంతు మార్చుకుని కాసేపు తల వాల్చడానికి వచ్చేవాళ్ళు, కోర్టు నుంచి ఫైళ్ళతో వచ్చే జూనియర్ లాయర్లు, మందుల కంపెనీల ప్రతినిధులు, బేరాలు ముగించుకుని సంచులతో వచ్చే ఆడవాళ్ళు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, అందరూ అక్కడ కనిపిస్తారు. ఊరి నడిబొడ్డున ఇలాంటి చోటు ఒకటి నిలబడాలని నాకు గట్టి కోరిక. ఇది రాస్తున్నదీ ఆ కోరికతోనే.

మొదటిసారి తాగిన కాఫీ చాలా బాగుంది. ఎస్ప్రెస్సో, అంటే మెషిన్ ఒత్తిడితో దించే చిక్కటి కాఫీ, దాని మీద కొద్దిగా పాలు పోసిన చిన్న కప్పు. పంచదార వేసుకోకపోయినా నాలుక మీద తీపి నిలిచింది. ఆ తరువాత అదే కాఫీ అడిగితే ఒకరోజు పళ్ళు పులిసేంత పులుపు. ఇంకోరోజు బాగానే ఉంది. మరోరోజు సాయంత్రం మాడు వాసన, గొంతులో దిగని చేదు. హోటల్లో ఇచ్చే కాఫీకి నాలుగయిదు రెట్ల ధర పెట్టి తాగేటప్పుడు ఇవాళ ఏ రుచి వస్తుందో అని ఎదురుచూడటం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

ఇలాంటప్పుడు మనవాళ్ళలో ఎక్కువమంది చేసేది నాకు తెలుసు. బిల్లు కట్టేటప్పుడు "ఎలా ఉందండీ?" అని అడిగితే "బాగుందండీ" అనేసి, మెట్లు దిగాక ఫోనులో ఒక నక్షత్రం ఇచ్చి ఊరుకుంటారు. లేదా మళ్ళీ ఆ వైపు రారు. రెండూ అన్యాయమే అంటాను. ఆ ఒక్క నక్షత్రం చూసి షాపువాళ్ళు ఏమి సరిదిద్దుకోగలరు? ఏ పూట, ఏ కప్పు, ఎవరి చేతిది, ఏమైంది అన్నది అందులో ఉండదు. వందల శాఖలున్న కంపెనీ దాన్ని తట్టుకుంటుంది. ఒక్క షాపు, ఇద్దరు ముగ్గురు పనివాళ్ళు ఉన్నచోట తట్టుకోలేరు.

నేను కౌంటరు దగ్గరకు వెళ్ళి చెప్పాను. అప్పుడు మధ్యాహ్నం పూట పనిచేసే కుర్రాడు ఉన్నాడు.

"బాబూ, ఇవాళ కాఫీ బాగా పులుపుగా ఉంది."

"సారీ మేడమ్, వేరేది చేసి ఇస్తాను" అని వెంటనే కప్పు తీసుకున్నాడు. రెండోదీ అంతే పులుపు. వాడి ముఖం చిన్నబోయింది. "కొంచెం పంచదార కలపమంటారా మేడమ్?" అని అడిగాడు. మర్యాదలో ఏ లోటూ లేదు. కారణం మాత్రం ఇద్దరికీ తెలియలేదు, అలా అని నేను అనుకున్నాను.

నా వృత్తిలో "ఈ పేజీ బాగాలేదు" అని రాసి పంపితే డీటీపీ చేసే అమ్మాయి ఏమీ చేయలేదు. ఏ పంక్తిలో ఏ అక్షరం దగ్గర ఏమి మార్చాలో అంచులో గుర్తు పెట్టాలి. కాఫీకీ అదే పద్ధతి అనుకున్నాను. పాత ప్రూఫు కాగితం వెనక గళ్ళు గీసి తేదీ, గంట, ఏ కాఫీ, రుచి ఎలా ఉంది, ఎంత వేడిగా ఉంది, యజమాని చేసిందా కుర్రాడు చేసిందా అని రాసుకుంటూ పోయాను. బాగున్న కప్పులు కూడా రాశాను. అవి రాయకపోతే బాగాలేని వాటికి అర్థం ఉండదు. కొన్ని వారాల తరువాత ఆ కాగితం తీసుకెళ్ళి, జనం పల్చగా ఉన్న సమయం చూసి, యజమాని చేతికి ఇచ్చాను.

మొదట అతను తన కాఫీ తరఫున నిలబడ్డాడు. "మేడమ్, ఇది అరకులో పండే అరబికా జాతి గింజ. మేము ఎక్కువ నల్లగా వేయించం. పులుపు ఈ గింజ స్వభావంలోనే ఉంది. మనందరం చికోరీ కలిపిన కాఫీకి అలవాటు పడ్డాం కాబట్టి కొత్తగా అనిపిస్తుంది."

"ఆ పులుపు నచ్చబట్టే మళ్ళీ మళ్ళీ వస్తున్నానండీ. మాగిన పండులో ఉండే పులుపు వేరు, పచ్చికాయ పులుపు వేరు. మీరు పొద్దున ఇచ్చింది పండు. మధ్యాహ్నం వచ్చింది కాయ. ఒకే గింజ కదా, మరి ఈ తేడా ఎందుకు వస్తోంది?"

అతను కాగితం మళ్ళీ పైనుంచి కిందికి చదివాడు. "పులుపు అని రాసినవన్నీ రెండు గంటల తరువాతవే" అన్నాడు, నాతో కాదు, తనలో తనే. తరువాత తలెత్తి, "రేపు షాపు తెరవకముందు రాగలరా అమ్మా? మీ ఎదురుగానే చేసి చూస్తాను" అన్నాడు. మేడమ్ కాస్తా అమ్మ అయింది అక్కడే.

ఆ ఉదయం చూసింది కాస్త వివరంగా చెప్పాలి. కాఫీ షాపుల్లో అంత డబ్బు ఎందుకు తీసుకుంటారో, ఆ డబ్బు ఎక్కడ వృథా అవుతుందో రెండూ నాకు అక్కడే తెలిశాయి. మెషిన్ పూర్తిగా వేడెక్కడానికి అరగంట పట్టింది. ఆ తరువాత అతను చిన్న త్రాసు, ఫోనులో స్టాప్‌వాచ్ ముందు పెట్టుకున్నాడు. పొడి 18 గ్రాములు. దాన్ని పిడి ఉన్న గిన్నెలో సమంగా నొక్కి మెషిన్‌కు బిగించాడు. 90 నుంచి 96 డిగ్రీల మధ్య వేడి ఉన్న నీరు దాదాపు 9 బార్ల ఒత్తిడితో ఆ పొడిలోంచి దిగుతుంది. కింద కప్పులో 36 గ్రాముల కాఫీ పడాలి, దానికి 25 నుంచి 30 సెకన్లు పట్టాలి. ఇవి ఎస్ప్రెస్సో చేసేవాళ్ళు ప్రపంచమంతటా మొదలుపెట్టే లెక్కలు. ఆ తరువాత గింజను బట్టి, నాలుకను బట్టి అటూ ఇటూ జరుపుకుంటారు.

పొడి ఎంత మెత్తగా ఉందన్న దాని మీదే ఆ సెకన్లు ఆధారపడతాయి. బరకగా ఉంటే నీరు గబగబా దిగిపోతుంది, మరీ మెత్తగా ఉంటే బొట్టుబొట్టుగా పడుతుంది. గింజలోంచి మొదట కరిగేవి పులుపు పదార్థాలు, తరువాత తీపి, చివరికి చేదు, వగరు. నీరు తొందరగా దిగిపోతే పులుపు వచ్చి తీపి రాకుండానే కప్పు నిండుతుంది. అతను కావాలని గ్రైండర్‌ను మూడు రకాలుగా తిప్పి మూడు కప్పులు తీశాడు. ఒకటి 18 సెకన్లలో, ఒకటి 27లో, ఒకటి 40లో దిగింది. ఏది ఏదో చెప్పకుండా నా ముందు పెట్టాడు. మొదటి కప్పు నోట్లో పెట్టగానే నేను కాగితం మీద రాసిన రుచి అదే. పక్కన నిలబడి ఉన్న మధ్యాహ్నం కుర్రాడు కూడా రుచి చూశాడు. వాడిని ఆ రోజు పొద్దునే రమ్మన్నది యజమానే.

అప్పుడు ఆ కుర్రాడు అన్న మాట నేను మరచిపోలేను. "నాకు తెలుసు సార్. మధ్యాహ్నం పూట పద్దెనిమిది, పంతొమ్మిదిలోనే దిగిపోతోంది. గ్రైండర్ ముట్టుకోవద్దన్నారు కదా అని ఊరుకున్నాను."

యజమాని కాసేపు ఏమీ మాట్లాడలేదు. గ్రైండర్ ఖరీదైనది, పాడవుతుందన్న భయంతో తానొక్కడే పొద్దున సరిచూసి, రాత్రి దాకా ఎవరూ కదపవద్దని చెప్పి ఉంచాడు. గింజ స్వభావం దానికి ఒప్పుకోదు. వేయించిన గింజలోంచి రోజురోజుకూ బొగ్గుపులుసు వాయువు పోతూ ఉంటుంది. అందుకే అదే సంచిలోని గింజ వారం తిరిగేసరికి వేరే విధంగా దిగుతుంది. ఆ పైన మన ఊరి వాతావరణం. పొద్దున ఏసీ వేసిన మూసి ఉన్న గది, మధ్యాహ్నం తలుపు తీసినప్పుడల్లా లోపలికి కొట్టే వేడి గాలి, వానాకాలం తేమ. రోజంతా తిరిగి గ్రైండర్ తానే వేడెక్కుతుంది. పొద్దున తొమ్మిదికి కుదిరిన లెక్క రెండు గంటలకు కుదరకపోవడంలో వింత లేదు. తెలిసిన వాడికి చెయ్యి వేసే అనుమతి లేదు, అనుమతి ఉన్నవాడు ఆ సమయానికి బ్యాంకు పనిమీదో సరుకుల కోసమో బయట ఉంటున్నాడు. కాఫీ పాడైంది ఆ మధ్యలోనే.

ఆ రోజు నుంచే పద్ధతి మారింది. రెండు గంటలకు కుర్రాడు ఒక కప్పు తీసి, తూచి, సెకన్లు చూసి, తానే రుచి చూసి గ్రైండర్ సరిచేస్తాడు. సాయంత్రం అయిదుకు మరోసారి. ఒకటి రెండు కప్పులు పారబోయాల్సి వస్తుంది. ఆ నష్టం యజమాని ఒప్పుకున్నాడు. ఇందులో నాకు అన్నింటికన్నా సంతోషం కలిగించింది ఆ కుర్రాడి చెయ్యి మీద ఉంచిన నమ్మకం. కస్టమరు చెప్పింది వినడం ఎంత ముఖ్యమో, పనివాడికి తెలిసింది అడగడం అంతకన్నా ముఖ్యం.

చేదు సంగతి సులువుగానే తేలింది. సాయంత్రం రద్దీలో ఒక కప్పు వెంట ఒక కప్పు తీస్తూ పోతే మెషిన్ లోపల కాఫీ జిడ్డు పేరుకుని మాడుతుంది. రంధ్రాలు లేని గిన్నె బిగించి, శుభ్రం చేసే పొడి వేసి నీటిని వెనక్కి తోయించి కడగడం రాత్రి మూసేటప్పుడు చేస్తున్నారు. ఇప్పుడు ప్రతి కప్పు తరువాతా కాస్త వేడినీరు వదిలి, గుడ్డతో తుడిచి మరీ తరువాతిది బిగిస్తున్నారు. నీళ్ళ దగ్గర కూడా చిన్న మార్పు జరిగింది. ఆర్‌ఓ యంత్రం నీటిలోని లవణాలను దాదాపు పూర్తిగా లాగేస్తోంది. మెషిన్‌లో సున్నం పేరుకోదు కానీ ఆ నీటిలో కాఫీ రుచి చప్పబడుతుంది. నాణ్యమైన కాఫీకి లీటరు నీటిలో 75 నుంచి 250 మిల్లీగ్రాముల దాకా కరిగిన లవణాలు ఉండవచ్చని, 150 దగ్గర ఉంటే మేలని ఆ రంగంలోని వాళ్ళు చెబుతారు. వడపోసిన నీటిని కొంత ఆర్‌ఓ నీటితో కలిపి వాడటం మొదలుపెట్టారు.

వేడి విషయంలో మాత్రం మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. మనవాళ్ళకు కాఫీ అంటే పొగలు రావాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ ఇంట్లోనైనా అతిథికి గోరువెచ్చని కాఫీ ఇస్తే ఇల్లాలికి చిన్నతనం. ఈ షాపుల్లో పాలను ఆవిరి గొట్టంతో 60, 65 డిగ్రీల వరకే వేడి చేస్తారు. అంతకు మించితే పాలలో తీపి తగ్గుతుంది, నురగ గరుకుగా మారుతుంది. పెద్దవాళ్ళు కప్పు ముట్టుకుని "ఇది చల్లారిపోయింది, మళ్ళీ కాచి ఇవ్వు బాబూ" అని పంపించేవారు. కుర్రాళ్ళు అదే కప్పును మళ్ళీ ఆవిరి పెట్టి తెచ్చేవారు, అప్పుడు రుచి పూర్తిగా పోయేది. యజమానికి అది బాధగా ఉండేది. "వాళ్ళకు ఈ కాఫీ ఎలా తాగాలో తెలియదమ్మా" అన్నాడు ఒకసారి.

ఆ మాట నేను ఒప్పుకోలేదు. యాభై ఏళ్ళుగా రోజుకు రెండు పూటలా కాఫీ తాగుతున్న మనిషికి కాఫీ తెలియదనడం ఎలా? ఆయనకు కావలసింది వేరు, అంతే. అడగకుండా మనకు నచ్చినట్టు ఇచ్చి, నచ్చకపోతే తెలియదనడం మర్యాద కాదు. చివరికి తేలింది ఇది. ఆర్డరు తీసుకునేటప్పుడే "మామూలు వేడా, ఎక్కువ వేడా అండీ?" అని అడుగుతారు. ఎక్కువ వేడి అంటే పాలు మొదటిసారే 70 దాటించి ఇస్తారు, కప్పును ముందుగా వేడినీటితో కడిగి వెచ్చబెడతారు. కప్పు వెచ్చగా ఉంటే మామూలు వేడి కాఫీ కూడా తొందరగా చల్లారదు. ఆ ఒక్క పనితోనే తిరిగి వచ్చే కప్పులు చాలా తగ్గాయని కుర్రాడు చెప్పాడు. తలుపు పక్క ఏసీ కింద ఉన్న బల్లను కూడా జరిపారు. అది ఇంకొక కస్టమరు చెప్పిన మాట వల్ల, నా వల్ల కాదు.

ఫిల్టర్ కాఫీ కథ ఇంకా పెద్దది. మొదట్లో అక్కడ అది లేదు. విజయవాడ నడిమధ్య కాఫీ షాపు పెట్టి ఫిల్టర్ కాఫీ లేదనడం నాకు మింగుడు పడలేదు. "అది అన్నిచోట్లా దొరుకుతుంది కదమ్మా" అనేవాడు. దొరుకుతుంది. అయితే ఏ గింజ, ఎంత చికోరీ అని చెప్పి ఇచ్చేవాళ్ళు ఎందరు? మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంతో పొట్లం మీద రాయాలి. అంటే సగానికి కాస్త తక్కువగా చికోరీ ఉన్నా దాన్ని అమ్మవచ్చు. ఇంట్లో పొట్లం వెనక్కి తిప్పి చదివితే తెలుస్తుంది, గ్లాసులో వచ్చినప్పుడు తెలియదు. అది చెప్పి ఇచ్చే షాపు ఒకటి ఉంటే తప్పేమిటి?

ఒక ఆదివారం పొద్దున ఇత్తడి ఫిల్టర్లు మూడు తెచ్చి కూర్చున్నాం. ఒకదానిలో చికోరీ అసలు లేదు, రెండోదానిలో 20 శాతం, మూడోదానిలో 40. మూడింటికీ ఒకే గింజ, ఒకే పాలు. వేయించిన చికోరీ వేరు డికాషన్‌కు నలుపును, చిక్కదనాన్ని ఇస్తుంది, దానిలో కెఫీన్ ఉండదు. 40 శాతం ఉన్నది చూడటానికి అందంగా ఉంది, తాగితే కాఫీ వాసన వెతుక్కోవాలి. చికోరీ లేనిది వాసనకు గొప్పగా ఉన్నా చిక్కని పాలు పోసేసరికి పల్చబడి తేలిపోయింది. 20 శాతం ఉన్నదే డబరా గ్లాసులో పోసుకుని తాగే మనిషికి సరిపోతుందని నేను, మా వదినగారు, కుర్రాడు అన్నాం. యజమాని చికోరీ లేనిదే పెట్టాలని పట్టుబట్టాడు. ఇప్పుడు రెండూ ఇస్తున్నాడు, శాతం బోర్డు మీద రాసి మరీ. ఎక్కువమంది అడిగేది ఏదో నేను చెప్పనక్కరలేదు. అయితే అరకు గింజను పాలలో, చికోరీలో ముంచేయకూడదన్న అతని పట్టుదలలో న్యాయం ఉంది. అందుకే ఫిల్టర్‌కు చిక్కమగళూరు పీబెర్రీ (కాయలో రెండుకు బదులు ఒక్కటే గుండ్రంగా ఎదిగే గింజ), రోబస్టా అనే మరో జాతి గింజ కలిపి వాడుతున్నాడు. రోబస్టాలో అరబికాకు దాదాపు రెట్టింపు కెఫీన్, మంచి చిక్కదనం ఉంటాయి, పాలకు అది బాగా నిలబడుతుంది.

అరకు గురించి రెండు మాటలు. ఆ గింజలు అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటి మీదికి పాకే మిరియాల తీగల మధ్య పండిస్తారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అక్కడి రైతుల నుంచి కాఫీ కొంటుంది. అరకు పేరు ఇవాళ ఎక్కడ చూసినా కనిపిస్తోంది. నేను యజమానిని అడిగింది ఒక్కటే. బోర్డు మీద అరకు అని రాస్తే చాలదు, ఏ మండలం నుంచి వచ్చింది, ఏ సంవత్సరం పంట, ఏ తేదీన వేయించారు, ఇవి కూడా రాయమన్నాను. పంట శీతాకాలంలో చేతికి వస్తుంది, కాబట్టి సంవత్సరం రాయడం కష్టమేమీ కాదు. అతను సంతోషంగా ఒప్పుకున్నాడు. మన కొండల గింజ బెంగళూరు వెళ్ళి, అక్కడ వేగి, పార్సిల్‌లో విజయవాడకు తిరిగి వస్తోంది. అతను సొంతంగా వేయించే యంత్రం కొనే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను.

బిల్లు దగ్గర కూడా ఒక మాట పడింది. కొత్తగా పెట్టిన బిల్లింగ్ యంత్రంలో ఫోను నంబరు అడిగేవారు. నంబరు ఇవ్వకపోతే బిల్లు రాదని కుర్రాడు అమాయకంగా చెప్పాడు. ఒక కప్పు కాఫీకి నా నంబరు ఎందుకు? 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నంబరు కోసం కస్టమర్లను బలవంతపెట్టవద్దని దుకాణాలకు స్పష్టంగా చెప్పింది. ఆ సంగతి యజమానికి చెబితే యంత్రం ఇచ్చిన కంపెనీకి ఫోను చేశాడు. ఆ గడి ఖాళీగా వదిలేసినా బిల్లు వస్తుందని వాళ్ళే చెప్పారు. సర్వీసు చార్జీ ఆ షాపులో లేదు. ఊళ్ళోని మరో పెద్ద చోట మాత్రం అడగకుండానే వేశారు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ అలా వేయకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. బిల్లులో కనిపిస్తే తీసేయమని అడగండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. టిప్పు ఇవ్వాలనిపిస్తే కప్పు తెచ్చిన మనిషి చేతికే ఇవ్వండి.

మెనూ మొదట్లో బల్ల మీద అంటించిన క్యూఆర్ గడి మాత్రమే, తెరిస్తే అంతా ఇంగ్లీషు. ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫోను పట్టుకుని తిప్పలు పడుతుంటే చూడలేక, తెలుగు మెనూ నేను రాసి ఇస్తానన్నాను. ప్రతి కాఫీ పక్కనా పాలు ఎంత, చేదు ఎంత, కప్పు ఎంత పెద్దది అన్నది ఒక్కో పంక్తిలో రాశాను. మాకు తెలిసిన ప్రెస్సులో మందపాటి అట్ట మీద అచ్చు వేయించారు. వీపు ఆనించుకునే కుర్చీలు నాలుగు గోడ పక్కన వేశారు. అంతకు ముందు ఎత్తు పీటలే ఉండేవి, వాటి మీద మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ఎక్కలేకపోయేవారు.

కూర్చునే సమయం గురించి యజమాని మాట నేను ఒప్పుకున్నాను. శని, ఆదివారాల్లో సాయంత్రం ఒక కప్పు మీద గంటన్నర మించి కూర్చోవద్దని పెట్టాడు. గవర్నరుపేటలో అద్దె ఎంతో తెలిసిన వాళ్ళకు అది దురాశగా అనిపించదు. మామూలు రోజుల్లో ఎవరినీ లేవమనడు. నేను కాగితాలు ముందేసుకుని ఎక్కువసేపు కూర్చున్న రోజు రెండో కప్పో బిస్కెట్లో తీసుకుంటాను, అది నా బాధ్యతగానే భావిస్తాను.

నా ప్రూఫు కాగితం చూసిన తరువాత కౌంటరు దగ్గర ఒక గళ్ళ పుస్తకం పెట్టారు. గంట, ఏమి తాగారు, ఏమి నచ్చలేదు, పక్కన షాపువాళ్ళు ఏమి చేశారు. చివరి గడి ఖాళీగా ఉంచకూడదన్నది నియమం. కుర్రాడే రోజూ రాత్రి చదివి పెన్నుతో జవాబు రాస్తాడు. మధ్యాహ్నం భోజనం పూట వచ్చే కస్టమర్లు చాలా సూటిగా రాస్తారు. "చక్కెర పొట్లాలు చీమలు పట్టాయి", "అబ్బాయి బాగా మాట్లాడాడు, కాఫీ మాత్రం పల్చన", "చేతులు కడిగే చోట మెట్టు ఎత్తుగా ఉంది, మా అమ్మ జారబోయింది". మెట్టుకు పక్కన పట్టుకునే కడ్డీ బిగించారు. చక్కెర మూత ఉన్న సీసాలోకి మారింది.

తీరనివి కూడా ఉన్నాయి. ఆదివారం సాయంత్రం పాటల హోరులో ఎదుటి మనిషి మాట వినిపించదు. వయసులో ఉన్న పిల్లలకు అదే కావాలంటాడు యజమాని. ఆ పిల్లల్లోనే ఇద్దరు ముగ్గురు తగ్గించమని పుస్తకంలో రాశారని చూపించాను, ఇంకా ఆలోచిస్తున్నాడు. ఫిల్టర్ కాఫీ పదకొండున్నరకే అయిపోతోంది. సాయంత్రానికి మళ్ళీ డికాషన్ దించమంటే, నిలవ ఉన్నది పోయకూడదు కాబట్టి ఎంత దించాలో తేలడం లేదంటున్నాడు. నాలుగు గంటలకు వచ్చి లేదని వెనుదిరిగిన వాళ్ళను లెక్కపెట్టి రాయమని కిందటి వారం కుర్రాడికి చెప్పాను. రాస్తున్నాడు. ఆ లెక్కతో సోమవారం మళ్ళీ మాట్లాడతాను.